మూడో స్లాటు

స్వెటరాయన రెండో పెట్టె మూత కూడా ఊడదీసి, మొదటిదాని పక్కన బల్లమీద పెట్టి, నడుం నిమురుకున్నాడు. సర్వర్ల గదిలో మండువేసవిలోనూ ఎముకలు కొరికే చలే. ఆ చలికే ఆయన ఒంటిమీదికి స్వెటరు వచ్చింది, అసలు పేరు కాస్తా పోయింది. రేకు అంచులు గీసుకుపోయిన గీతలు ముంజేతుల నిండా ఉన్నాయి.

ర్యాకులోకి ఈ రెండు సర్వర్లలో ఏది కొనాలో సాయంత్రంలోగా ఆయన తేల్చాలి. ఒకటి పలకలా పల్చగా ఉంది. అదనపు కార్డు గుచ్చడానికి అందులో పడుకోబెట్టిన స్లాటు ఒక్కటే, అదీ పొట్టి కార్డుకే సరిపోతుంది. రెండోది ఎత్తుపెట్టె, నిలువు స్లాట్లు మూడు. చూపులకి మూడూ ఒకటే పొడవు గానీ మూడోదానిలో ఉన్నవి సగం తీగలే. ఎత్తుపెట్టె కొంటే, ఇన్నేళ్లుగా ఆఫీసు పని నడిపిస్తున్న పాత పొడుగు కార్డు అందులో పడుతుంది. దానితో కుస్తీ పట్టగలిగింది ఈయనొక్కడే కాబట్టి ఉద్యోగమూ ఉంటుంది. పల్చటిది కొంటే కార్డు చెత్తలోకి, ఈయన ఇంటికి.

ఇంట్లో అక్క ఉంది. పొద్దున గుమ్మంలో నిలబడి అననే అంది.

"చాల్లేరా ఇంక. గోడలతో మాట్లాడలేక చస్తున్నా. ఆ పల్చటిదేదో రాసిచ్చేసి వచ్చెయ్."

"ఇంటికొచ్చి నేనేం చెయ్యనక్కా?"

"నాకెదురుగా కూర్చో. చాలు."

ఆయన భయమంతా అదే. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. యంత్రానికి తప్ప ఇంకెవరికైనా తనతో పనుంటుందంటే ఆయనకు నమ్మకం కుదరదు. అందుకే మనసు ఎత్తుపెట్టె వైపే లాగుతుండగా దాని మీట నొక్కాడు. తెరమీద స్లాట్ల వరస వచ్చింది. ఒకటి: ఖాళీ. రెండు: ఖాళీ. మూడు: కార్డు ఉంది.

వంగి టార్చి వేసి చూశాడు. అందులో కార్డు కాదు కదా, దుమ్ము కూడా లేదు.

ఇంజనీరమ్మాయిని పిలిచి చూపించి, మంచినీళ్లకని బయటికెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి, "సరైపోయింది బాబాయ్, ఖాళీ అంటోంది," అంటూ తెర చూపించబోయి ఆగిపోయింది. "ఒక్కసారి బయటికెళ్లండి."

వెళ్లాడు.

"ఖాళీ. ఇప్పుడు రండి."

వచ్చాడు. మూడు: కార్డు ఉంది. ఆ అమ్మాయి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. స్వెటరు వల్లేమోనని విప్పించింది. ఆయన గజగజ వణుకుతూ నిలబడ్డా తెర మాట మార్చలేదు. పల్చటి పెట్టె మాత్రం ఆయన్ని పట్టించుకోనేలేదు.

మూడో స్లాటు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నిద్రపోతున్నవాళ్ల ఊపిరిలా వెచ్చటి గాలి వేళ్లకు తగిలింది. తనకంటూ ఒక చోటు ఉండాలనేగా ఇన్నాళ్లూ అనుకున్నాడు. తీరా ఆ చోటు ఎదురుగా నోరు తెరుచుకుని కనిపిస్తే చెయ్యి లాగేసుకున్నాడు. ఒకసారి అందులో పడితే బయటికి తీసేవాళ్లుండరనిపించింది. పల్చటిదే కొనమని అప్పటికప్పుడు రాసిచ్చేసి, అక్కకు ఫోన్ చేశాడు.

"వచ్చేస్తున్నానక్కా. రేపట్నుంచి నీ ఎదురుగానే."

"ఉత్తినే అంటున్నావ్," అందావిడ.

ఎత్తుపెట్టెను వెనక్కి పంపేముందు, పరీక్షకని తెరిచిన మూడో స్లాటును మూసెయ్యాలి. దానికి పెట్టే చిల్లుల రేకుముక్కను చేతిలోకి తీసుకుని వంగాడు. ఒళ్లు తూలినట్టయింది. "ఒక్క నిమిషం కూర్చుంటా తల్లీ," అని ర్యాకుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ అమ్మాయి అట్టపెట్టె తెచ్చేసరికి అలాగే ఉన్నాడు. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు.

ఆయన్ని మోసుకెళ్లాక, తలుపు దానంతటదే మూసుకున్నాక, ఆ అమ్మాయి తెర వైపు చూసింది. మూడు: కార్డు ఉంది. కరెంటు తీగ పట్టుకుంది గానీ పీకడానికి చెయ్యి రాలేదు.

ఆసుపత్రిలో అక్క ఏడుపు ఆపుకుంటూ తమ్ముడి పిడికిలి ఒక్కో వేలూ విప్పింది.

"ఏంటమ్మా ఇది?"

"ఖాళీగా ఉన్నచోట పెట్టే మూత, పెద్దమ్మా."

"మరి పెట్టలేదేం?"

తమ్ముడి వేళ్లు మంచుగడ్డలయ్యాయి గానీ, ఆ రేకుముక్క ఆవిడ అరచేతిలో గోరువెచ్చగానే ఉంది.