కాల్తందాండీ?

"కాల్తందాండీ?" అనడిగింది వెంకటదుర్గ.

"లేదమ్మా. ఇంకొంచెం పెంచు" అన్నారు బల్లమీద వెల్లకిలా పడుకున్న వీరవేణి గారు.

నోరు అబద్ధం చెబుతోందని ఆవిడ కాళ్ళు చెప్పేశాయి. బొటనవేళ్ళు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. వెంకటదుర్గ సీసా పిండి, పొట్టమీద ఇంకాస్త చల్లటి జెల్లు పోసి, మెషీను మూతిని ఒక్కచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ పోయింది. ఆపితే లోపలి కొవ్వు కరుగుతుందో లేదో గానీ పైన చర్మం మాత్రం బొబ్బెక్కుతుంది.

రావులపాలెం నుంచి బస్సెక్కి రాజమండ్రి వచ్చిన మనిషికి గోరువెచ్చగా ఉంటే ఏం తృప్తి? మంట పుడితేనే వైద్యం, చేదుగా ఉంటేనే మందు. వచ్చే మాఘంలో మేనల్లుడి పెళ్ళి. వీడియోలో పొట్ట కనపడకూడదని ఆవిడ పట్టుదల. దారిలో తినడానికి తెచ్చుకున్న పూతరేకుల డబ్బా బల్లకింద సంచీలో ఉంది. కరిగించుకున్నాక నీరసం రాకుండా ఉండాలి కదా.

జిరాక్సు షాపు మీద మేడలో ఉంది ఈ స్లిమ్మింగ్ సెంటరు. యజమానురాలు ప్రసన్నకుమారి మేడమ్ హైదరాబాదులో కోర్సు చేసొచ్చారు. ఆవిడా బొద్దుగానే ఉంటారు. మరి మీరెందుకు వాడలేదండీ అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గోదావరి జిల్లాల్లో మర్యాద అలాంటిది. అల్ట్రాసౌండు మెషీను మీట తిప్పి ఆవిడ ముందుగదిలో టీవీ దగ్గరకి వెళ్ళిపోతారు. ఆపైన జెల్లు, ఐసు, తడిగుడ్డ, వచ్చినవాళ్ళ చర్మం, అన్నీ వెంకటదుర్గవే.

ఐసు వెంకటదుర్గకి కొత్త కాదు. అంతర్వేది పక్క రొయ్యల షెడ్డులో ఏళ్ళతరబడి ఐసులో చేతులు పెట్టింది. రొయ్యలకి తెగులొచ్చి షెడ్డు మూసేశాక ఇక్కడ తేలింది. అక్కడ రొయ్యలు, ఇక్కడ ఆడంగులు. పెద్ద తేడా లేదు. రొయ్యలు ఇంకొంచెం పెంచమని అడగవు, అంతే.

పోయిన శ్రావణంలో ఒక లెక్చరరు గారి భార్య కబుర్లు చెబుతూ మంటంతా ఓర్చుకుని, ఇంటికెళ్ళి బొబ్బ చూసుకున్నారు. ఆయనొచ్చి కోర్టు పేరెత్తారు.

"ఇంకొక్కరికి మచ్చ పడిందా, నువ్వు మానేద్దువుగాని దుర్గా" అన్నారు మేడమ్, చాలా మృదువుగా.

ఇంట్లో మొగుడు చిట్టియ్య పక్షవాతంతో మంచానున్నాడు. అక్కడ పొయ్యి వెలగాలంటే ఇక్కడ ఐసు కరగాలి. అందుకే వెంకటదుర్గ నోళ్ళు నమ్మడం మానేసి కాలివేళ్ళు చూడ్డం మొదలెట్టింది.

ఇవాళ పొద్దున్నించీ ఆవిడకి గుండెల్లో మంటగా ఉంది. రాత్రి తిన్న ఎండుచేపల పులుసు మీద నేరం మోపింది. మేడమ్‌తో చెబితే "గ్యాసు. సోడా తాగు" అన్నారు. మేడమ్‌కి తెలిసిన జబ్బులు రెండే, ఒకటి గ్యాసు, రెండోది కొవ్వు. సోడా తాగింది. తగ్గలేదు. ఎవరూ చూడకుండా తడిగుడ్డలో ఐసు చుట్టి పైటలోపల కాసేపు పెట్టుకుంది. కొంచెం నయమనిపించి, మళ్ళీ పనిలో పడింది.

"ఇప్పుడు బోర్లా తిరగండమ్మా. నడుం చేద్దాం."

వీరవేణి గారు ఆయాసపడుతూ తిరిగారు. తల బల్ల అంచు మీదుగా కిందికి వేలాడింది. అక్కణ్ణించి చూడ్డానికి ఏమీ లేదు, వెంకటదుర్గ పాదాలు తప్ప.

"ఏంటి దుర్గా, నీ కాలివేళ్ళు అలా ముడిచేశావు?"

వెంకటదుర్గ కిందికి చూసింది. ఇన్నాళ్ళూ ఊరందరి వేళ్ళూ చూసింది గానీ తనవి చూసుకున్న గుర్తు లేదు.

"ఏం లేదండి. కింద తడిగా ఉందండి. జారతానేమోనని."

"పోనీ కాసేపు కూర్చోరాదూ?"

"చెయ్యి ఆపితే మీకు కాలుద్దండి."

"అయితే ఆపకు" అన్నారు వీరవేణి గారు వెంటనే.

ఆపలేదు. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని కుడిచేత్తో తిప్పుతూనే ఉంది. మెషీను కుయ్‌మన్నాక జెల్లు తుడిచి, ఐసునీళ్ళలో పిండిన గుడ్డ నడుం మీద పరిచింది.

"చల్లగా ఉందాండీ?"

"హాయిగా ఉందమ్మా."

వీరవేణి గారి కాలివేళ్ళు విచ్చుకున్నాయి. ఈసారి నిజమే చెప్పారు. వెంకటదుర్గ చెప్పులు విడిచి, గోడవార స్టూలు మీద కూర్చుని, ఐసుగిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి అందులోనే ఉంచి, గోడకి తల ఆనించింది.

ఆ చల్లదనానికి వీరవేణి గారికి కునుకు పట్టింది. లేచేసరికి గుడ్డ వేడెక్కిపోయింది.

"దుర్గా, కాస్త గుడ్డ మార్చమ్మా."

జవాబు లేదు. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషికి ఇంత పొగరేంటని ఆవిడ చిన్నబుచ్చుకుని మేడమ్‌ని కేకేశారు. మేడమ్ వచ్చి వెంకటదుర్గ చెయ్యి పట్టుకుని ఊపారు. చెయ్యి చల్లగా ఉంది. ఐసులో ఉన్న చెయ్యి చల్లగా కాక ఎలా ఉంటుందని మళ్ళీ ఊపారు. తర్వాత ఎందుకో చెంప ముట్టుకున్నారు.

అదీ చల్లగానే ఉంది. మేడమ్ ఆటో కోసం మెట్లు దిగి పరిగెత్తారు.

ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, తీసుకెళ్ళడమే. ఆ హడావుడిలో కూడా వీరవేణి గారు అద్దం ముందు నిలబడి నడుమంతా వెతుక్కున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, "మహాతల్లి! ఎక్కడా ఒక్క మచ్చ పడనివ్వలేదు" అన్నారు. బస్సులో పూతరేకుల డబ్బా విప్పలేదు.

మర్నాడు గది కడిగించడానికి మేడమ్ బల్ల జరిపించారు. గోడవార వెంకటదుర్గ హవాయి చెప్పులు ఉన్నాయి. మడమల దగ్గర కొత్తవాటిలానే ఉన్నాయి. ముందువైపు మాత్రం, వేళ్ళు ముడిచి పట్టి పట్టి, ఒక్కోదానికి ఐదేసి గుంటలు, అడుగు గచ్చు కనిపించేంత లోతుగా.