దించిన శ్రుతి

నేను ఒక తంబురాను. బొబ్బిలిలో పనసచెక్కతో నన్ను తొలిచిన వడ్రంగి నాలుగు తీగలు కట్టి, "దీనికి పాట రాదు గానీ, ఇది లేందే పాట కుదర్దు" అంటూ విజయనగరం శేషారత్నంగారి నాన్నకు అప్పజెప్పాడు.

అప్పటికి ఆవిడ పరికిణీ కట్టే పిల్ల. మందమైన, నిండు గొంతు. ఆడపిల్లకు ఆ గొంతేమిటని గురువుగారు నా తీగలు బిగించి, పై శ్రుతిలోనే పాడించారు. పాతికేళ్లు నిండకుండానే ఆవిడ గొంతు బొంగురుపోయింది. కచేరీలు మానేసి, పాఠాలు చెప్పుకుంటూ, పిల్లల వెనక నన్ను మీటుతూ ఉండిపోయారు.

మా ఊళ్లో కోట దగ్గర ఏటా సంగీతోత్సవం జరుగుతుంది. సాయంత్రాలు విద్వాంసులవి, ఉదయాలు బహుమతుల కోసం పాడే పిల్లలవి. ఉదయం వచ్చినవాళ్లలో చాలామంది తమ పిల్ల పాడగానే లేచి వెళ్లిపోతారు. అయినా సంగీతం మీద అభిమానంతోనే వచ్చామంటారు.

ఆ ఏడు శేషారత్నంగారి శిష్యురాలు పైడికుమారి మొదటిసారి పాడాలి. పూలకొట్టు వాళ్లమ్మాయి. ఆమెదీ మంద్రంగా పలికే గొంతే. పాఠంలో నన్ను దించే పాడించేవారు. కానీ ఉత్సవంలో ఆడపిల్లలందరి వెనకా నన్నే మీటేవారు, అందరికీ ఒకటే శ్రుతి.

"ఈసారికి సర్దుకోండమ్మా. పిల్లకోసారి మారిస్తే మజ్జానం దాటిపోద్ది" అన్నారు నిర్వహించే పెద్దాయన, కుమారికి దించుతానని శేషారత్నంగారు అడిగితే. ఆవిడ నన్ను పై శ్రుతికి బిగించారు.

కుమారి వర్ణం ఎత్తుకుంది. పై షడ్జం దగ్గర గొంతు చీలింది. ముందు వరుసలో ఒకాయన నవ్వాడు. కుమారి ఆపేసి వెనక్కి తిరిగింది.

"నా వల్ల కాదు టీచరుగారూ. దిగిపోతానండి."

నన్ను మీటుతున్న చెయ్యి ఆగింది.

"కూర్చోవే తల్లీ" అంటూ శేషారత్నంగారు నా బిరడాలు ఒక్కొక్కటే తిప్పి తీగలు వదులు చేయసాగారు.

పెద్దాయన పరుగున వచ్చారు. "ఇదేటమ్మా? టైమైపోతంది!"

"అవనీండి బాబూ. నా గొంతు ఇలాగే పోయింది. దీని గొంతు నేను పోనివ్వను."

ఆయన వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. వయొలిన్ పిల్ల ఎవరూ చెప్పకుండానే తన తీగలు దించుకుంది. మృదంగం కుర్రాడు, "నాది అంత కిందకి దిగదండి. లోపల ఇంకోటుంది, తెస్తాను" అని లేచాడు. అతను వచ్చేలోగా కుమారి కళ్లు మూసుకుని మోహన రాగం అందుకుంది. ఆ గొంతుకు నా చెక్కంతా అదిరింది. వెళ్లబోతున్నవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. నవ్వినాయన తల దించుకుని వింటున్నాడు.

బహుమతి చివరికి మరో పిల్లకు వెళ్లింది. కుమారికి ఆ సంగతే పట్టలేదు. పాట అవగానే వేదిక దిగి వాళ్లమ్మను వాటేసుకుని ఏడ్చింది.

శేషారత్నంగారు నన్ను మళ్లీ పై శ్రుతికి బిగించబోతుండగా, తర్వాత పాడాల్సిన పిల్ల మెల్లగా దగ్గరకొచ్చింది. ఎవరి శిష్యురాలో మాకు తెలియదు.

"మామ్మగారూ, నాక్కూడా కొంచెం దించుతారా?"

"ఏదీ, ఒకసారి 'స' అను తల్లీ."

ఆ పిల్ల అంది. శేషారత్నంగారు నా తీగ మీటి, ఆ గొంతు నాతో కలిసేదాకా బిరడా తిప్పారు.