ఎదురు దుకాణం కాజాలు

మెడలో కొలత టేపు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి వీధంతా టేపు మాస్టారు అనేది. చర్చికీ దానితోనే బయల్దేరితే, గుమ్మం దగ్గర భార్యే లాగి సంచీలో వేసుకునేది.

ఎదురుగా ఇంకో కుట్టు దుకాణం. ఆ దర్జీ, మాస్టారు ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. అయినా "ఆయన గుడ్డ మిగుల్చుకుంటాడు" అని ఆ దర్జీ పుకారు పుట్టించాడు. నిప్పు లేనిదే పొగ రాదనుకుని మాస్టారి ఖాతాదారుల్లో సగం మంది వీధి దాటి ఎదురు దుకాణానికి పోయారు. ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

బళ్ళు తెరవబోతుండగా ఎదురు దర్జీ మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కత్తిరించిన యూనిఫారాలు దుకాణంలో గుట్టలుగా పడి ఉన్నాయి. సంగతి తెలిసి మాస్టారు బైబిలు తీసి పేజీలు తిరగేశాడు. తర్వాత కత్తెర తీసుకుని లేచాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"ఎదురింటికి."

"మతిపోయిందా? మన నోటి దగ్గర కూడు లాక్కున్నవాడికి వడ్డించి వస్తారా?"

"శత్రువుల్ని ప్రేమించమన్నాడు కదే యేసు. ఎదురింటివాణ్ణి వదిలెయ్యమని ఎక్కడైనా అన్నాడేమోనని మొత్తం వెతికాను. అనలేదు."

"పోనీ, ఒక్కపూట చేసి వచ్చెయ్యండి."

"సగం కుట్టిన చొక్కా ఎవరేసుకుంటారే?"

ఎదురు దర్జీ మొహం గంటు పెట్టుకున్నాడు. "నవ్విపోవడానికొచ్చావా?"

"నీ మిషను కిర్రుమంటోంది. నూనె ఎక్కడ?" అన్నాడు మాస్టారు కూర్చుంటూ.

మాస్టారి దుకాణానికి తాళం పడింది. పాత ఖాతాదారు ఒకాయన ఆ తాళం చూసి, గుడ్డ చంకలో పెట్టుకుని వేరే వీధికి వెళ్ళిపోవడం కిటికీలోంచి కనబడింది. 'నిన్ను వెంబడిస్తే నడుమూ పోతోంది, బేరమూ పోతోంది ప్రభూ' అనుకున్నాడు మాస్టారు. అనుకుంటూనే తొక్కాడు. కాసేపటికి చూసుకుంటే తను పాట పాడుతున్నాడు! అంత తేలికగా మనసు ఎన్నడూ లేదు.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య ఒక చొక్కా ఎత్తి చూసింది.

"ఇవి కాజాలా, ఎలుక కొరికిన చిల్లులా? జరగండి."

సూదిలో దారం ఎక్కించి కూర్చుంది. ఎదురు దర్జీ ఫక్కున నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, "అక్కా, నేను మీకు చాలా అన్యాయం చేశాను" అన్నాడు.

"తెలుసులే. ఆ గుండీలు ఇటివ్వు" అందామె.

పిల్లల తల్లులు యూనిఫారాలకి వచ్చినప్పుడు అతను అందరి ముందూ చెప్పాడు: "ఇవన్నీ కుట్టింది ఈయనే. పీలిక కూడా దాచుకోలేదు. అప్పట్లో నేనన్నది పచ్చి అబద్ధం."

వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. తాళం చూసి వేరే వీధికి వెళ్ళిన ఆ ఖాతాదారు అసలే రాలేదు. ఎదురు దర్జీ మాత్రం కట్టు విప్పిన రోజే వచ్చి, మాస్టారి బల్ల మీద కూర్చుని పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పాడు.

అతను వెళ్ళాక భార్య వేళ్ళు నొక్కుకుంటూ అంది: "ఈసారి మీ ప్రభువు ఎవరింటికి పంపిస్తాడో కాస్త ముందే చెప్పమనండి. నేను కళ్ళద్దాలు మార్పించుకోవాలి."