ముట్టుకోకపోతే కాసేపుంటాడు

పొద్దున్నే ఆఫీసుకి రాగానే బల్ల తుడుచుకుని, ఫోన్ తీసి, అతను ఆడటం మొదలుపెట్టేవాడు. అదే అతని ఉద్యోగం. ఫోన్లలోకి వచ్చే ఆటలు ఆడి చూసి, ఏది ఏ వయసు పిల్లలకి తగునో తేల్చాలి. "ఆడుకుంటే జీతమిస్తారట!" అని చుట్టాలు నవ్వేవాళ్ళు.

ఆ మధ్య ఒక తుపాకుల ఆట అతని బల్ల మీదికొచ్చింది. అప్పటికే ఇంటింటా ఆడుతున్నారు. దీవిలో దిగి, ఎదురుపడ్డవాళ్ళని కాల్చాలి. ఆటలో చచ్చినవాడు కాల్చినవాళ్ళ ఇంట్లో తేలతాడు. మాట్లాడతాడు, నవ్వుతాడు. ముట్టుకున్నారో, చటుక్కున మాయమై తన చోటికి పోతాడు. ముట్టుకోకపోతే కాసేపుంటాడు. ముక్కూమొహం తెలియని మనిషి వంటింట్లో తేలితే జనం "కాస్త పక్కకి జరగండి" అని పని చూసుకునేవాళ్ళు.

భార్యతో విడిపోయాక, అతని ఎనిమిదేళ్ళ కూతురు తల్లి దగ్గరే ఉంటోంది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఆ పిల్లని అందరూ పిడుగు అనేవాళ్ళు. ఆట సంగతి తెలియగానే ఫోన్ చేసింది.

"నాన్నా, కొండ దగ్గర నిలబడు. కదలకు."

మొదటిసారి కళ్ళు మూసుకుని, ఏడుస్తూ, కాలికి కాల్చింది. తన మంచం పక్కన తండ్రి తేలగానే పరుగెత్తి మీద పడింది. వేలు తగిలిందో లేదో, అతను మళ్ళీ ఆఫీసు కుర్చీలో ఉన్నాడు. ఆ తర్వాత పిడుగు అతని దగ్గరికి రావడం మానేసింది.

రోజూ సాయంత్రం అదే వరస. కుర్చీ ఖాళీ అయితే "కూతురు కాల్చినట్టుంది" అనుకుని పక్క సీటాయన ఫ్యాను కట్టేసేవాడు. అక్కడ మాజీ భార్య "వచ్చారా?" అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేది. తండ్రీకూతుళ్ళు లెక్కలు చేసుకునేవాళ్ళు, కబుర్లు చెప్పుకునేవాళ్ళు. రోజూ చూస్తూనే ఉన్నాను కదా అని అతను సెలవు పెట్టి వెళ్ళడం మానేశాడు.

ఒక సాయంత్రం అతను దీవిలో దిగీదిగగానే గుండు తగిలింది. గదిలో తేలేసరికి పిడుగు పెన్సిల్ చెక్కుకుంటోంది.

"ఇవాళ భలే తొందరగా తెచ్చావే!"

"తలకి కొడితే తొందరగా వస్తావు నాన్నా. కాలికైతే ఆలస్యం."

"కాల్చేటప్పుడు ఏమీ అనిపించట్లేదా అమ్మా?"

"మొదట్లో అనిపించేది," అంది, పెన్సిల్ మొన చూసుకుంటూ.

మర్నాడు ఆఫీసులో మేడం అతన్ని పిలిచింది. "రక్తం కనపడదు, బూతుల్లేవు. చిన్నపిల్లలూ ఆడొచ్చని తేల్చేద్దామా? మీకూ మంచిదేగా."

"పిల్లలకి పనికిరాదు మేడం."

"మీ పాపకి కూడానా?"

"దానికి కూడా."

ఆమె కాగితం మీద అదే రాసుకుంది. "అలా తేలిస్తే సాయంత్రానికల్లా పిల్లల ఫోన్లలో ఆట ఆగిపోతుంది. మళ్ళీ ఆలోచించుకోండి."

అతను తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం ఫోన్ మోగింది. "నాన్నా, ఆట తెరుచుకోవట్లేదు. నిన్నెలా తెచ్చుకోను?"

"నేనే వస్తున్నానమ్మా" అన్నాడు. ఆ పూటే రైలెక్కాడు.

తలుపు తీసింది పిడుగే. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం, చేతిలో సంచీ. తండ్రిని ఎగాదిగా చూసింది.

"ఎవరు కాల్చారు నాన్నా?"

"ఎవరూ కాల్చలేదు. రైల్లో వచ్చాను. ఇదిగో, చెయ్యి పట్టుకుని చూడు."

పిడుగు రెండడుగులు వెనక్కి వేసింది. వెనకాల తల్లి, "నిజంగానే వచ్చారే. నాన్న దగ్గరికి వెళ్ళు," అంది.

పిడుగు వినలేదు. అతను సంచీ కింద పెట్టి, గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాపాడు. పిడుగు గది అవతలి గోడకి ఆనుకుని కూర్చుంది. తల్లి ఒక అడుగు ముందుకి వేయబోతే కసిరింది.

"అమ్మా, నువ్వు కూడా ముట్టుకోకు! కాసేపైనా ఉండనీ."