జడత్వానికి టీసీ

సంజీవరావు సుద్దముక్కను బల్ల మీద వేలితో తోసి, "ఇది ఎందుకు కదిలిందిరా?" అన్నాడు.

"మీరు తోశారు కాబట్టి సార్!"

"తోస్తే సుద్దముక్కయినా కదుల్తుంది. ఎంత తోసినా కదలంది మన ఆఫీసులో ఫైలు."

తొమ్మిదో తరగతి గొల్లుమంది. బలం పాఠం చెప్పే ఆ మనిషికి ఒంట్లో బలం తక్కువ, మాటలో వేగం ఎక్కువ. మీసం మీద సుద్దపొడి, జేబు కింద ఎర్రసిరా మరక. కృష్ణలంక సందులోని ఈ ప్రైవేటు బడిలో చేరినప్పుడు జుట్టుకు రంగు అవసరం లేదు. ఇప్పుడూ లేదు, జుట్టే లేదు.

బలం, చలనం పాఠం మొదలైన రోజున పిల్లలకు నామకరణం చేయడం ఆయన ఆనవాయితీ. పరుగుపందెంలో గెలిచే తారిక్ 'త్వరణం'. కిటికీ పక్క చోటు కోసం రోజూ కొట్టుకునే ఇద్దరూ కలిపి 'ఘర్షణ'. మూడో బెంచీ చివర కూర్చుని, ప్రశ్న అడిగితే లేచి నిలబడటానికే అరనిమిషం తీసుకునే పిల్ల 'జడత్వం'. పేరుతోపాటు నిర్వచనమూ అంటుకుపోతుంది. పరీక్షలో ఎవరూ తప్పరు. అందుకే ఆయనా పద్ధతి తప్పడు.

ఇవాళ మూడో బెంచీ చివర ఖాళీ.

"జడత్వం ఏదిరా?"

"కదల్లేక ఇంట్లోనే ఉండిపోయుంటది సార్!" అన్నాడు తారిక్.

సంజీవరావే అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ పిల్ల పక్కన కూర్చునే ఇష్రత్ మాత్రం నవ్వలేదు.

"కింద ఆఫీసులో ఉంది సార్. టీసీ తీసుకుంటున్నారు. కంకిపాడులో వాళ్ళ ఖాలా, అదే పిన్ని, ఇంట్లో ఉండి చదువుకుంటదంట. వీధిలో పిల్లలు కూడా జడత్వం, జడత్వం అంటన్నారని రోజూ ఏడుస్తంది సార్."

ఆగమన్నా ఆగకుండా ఆయన పెదవుల మీద నవ్వు ఇంకాస్త దూరం సాగింది. అదీ జడత్వమే. జడత్వమంటే బద్ధకం కాదనీ, ప్రతి వస్తువుకూ ఉండే గుణమనీ బోర్డు మీద రాసింది తనే. పిల్లకు అంటించింది మాత్రం బద్ధకాన్నే.

సుద్దముక్క చేతిలో ఉండగానే మెట్లు దిగాడు. తప్పు నాదమ్మా, వెళ్ళకు, ఇకనుంచి నిన్ను నీ పేరుతోనే పిలుస్తా... మాటలు మెట్టుమెట్టుకూ కూర్చుకున్నాడు.

గేటు బయట తల్లి కుల్సుం అప్పటికే ఆటో ఎక్కి కూర్చుంది. పిల్ల ఒక కాలు లోపల పెట్టింది. సంజీవరావు నోరు తెరిచాడు. పేరు రాలేదు. హాజరు నంబర్లతో పిలిచే బడి. నంబరు గుర్తుంది. పేరు? డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేశాడు.

"జడత్వం!"

తన గొంతే. పిల్ల చటుక్కున తిరిగింది.

"సార్?"

కుల్సుం కూతుర్ని చూసింది, ఆయన్ని చూసింది.

"చూశారా సార్? ఇంట్లో పేరు పెట్టి పిలిస్తే ఇంత తొందరగా పలకదండీ." గొంతులో కోపం లేదు. "వెళ్ళొస్తామండీ, బస్సు పోద్ది."

పిల్ల లోపలికి జరిగి కూర్చుంది. ఆటో సందు మలుపు తిరిగింది.

ఆయన పైకి వచ్చేసరికి గంట కొట్టారు, గది ఖాళీ. మూడో బెంచీ అరలో ఆ పిల్ల నిన్న మరిచిపోయిన నీలం నీళ్ళసీసా ఉంది, సగం నీళ్ళతో. దాని మీద ఎర్ర గోళ్ళరంగుతో, ఎవరో తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు గుండ్రని అక్షరాలు: అర్ఫా.