ఇంట్లో పోవాల్సిన ప్రాణం

ప్రతి మంగళవారం సొన్నమ్మ కాటన్‌పేటలో బస్సెక్కి పెద్దాసుపత్రికి పోతుంది. కన్నడం రాని తెలుగువాళ్లకు డాక్టర్ల మాట విడమరిచి చెప్పడం ఆమె పని. జీతం లేదు. పుణ్యం మూటగట్టుకుంటోందని వీధిలోవాళ్లంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. పుణ్యమే కావాలంటే గుడికి పోయేది, అక్కడ ఫినాయిల్ కంపయినా ఉండదు.

మూడేళ్ల కిందట ఇదే ఆసుపత్రి వార్డులో ఆమె భర్త వెంకటగిరియప్ప "ఇంటికి పోదాం పా" అని పట్టుబట్టాడు. ఇంక రెండు రోజులేనని డాక్టరు అప్పటికే ఆమెకు చెప్పాడు. ఆ మాట భర్తకు చెప్పడానికి నోరు రాక, "తగ్గినాక పోదాంలే" అంది. ఆయన ఆసుపత్రిలోనే పోయాడు. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదని పెద్దలు అడ్డుపడ్డారు. తాను కట్టించుకున్న ఇంటి ముందు, రోడ్డు మీద, షామియానా కింద పడుకున్నాడు పాపం ఆయన. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదనే సొన్నమ్మ ఇక్కడికొస్తుంది.

ఈ మంగళవారం నర్సు ప్రేమకుమారి ఆమెను సుంకమ్మ దగ్గరికి పంపింది. సుంకమ్మ మొగుడు నర్సింహులు కుందలహళ్ళిలో కడుతున్న బిల్డింగు మీంచి పడ్డాడు. స్పృహ లేదు. సాయంత్రం దాటడని డాక్టరు కన్నడంలో చెప్పి వెళ్లిపోయాడు.

"సారు ఏమన్యాడక్కా? తగ్గుతాదంట్నా?"

తగ్గుతాదనే మాట సొన్నమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"లేదు తల్లీ. సాయంత్రం దంకా గూడా ఉండడంట. ఇంట్లో పోవల్లంటే ఇప్పుడే తీసుకుపో."

సుంకమ్మ ఏడవలేదు, తల మాత్రం ఊపింది. ఇంటికి తీసుకుపోతామనే కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించింది, అంబులెన్సు మాట్లాడింది అంతా సొన్నమ్మే. నర్సింహులు ఆ బిల్డింగు పక్కనే ఉన్న తన రేకుల షెడ్డులో, తన చాప మీద పోయాడని సాయంత్రానికి కబురొచ్చింది. ఆ పూట సొన్నమ్మ మూడేళ్ల తర్వాత కడుపునిండా తిన్నది.

రెండు వారాలకు సుంకమ్మ ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి వరండాలో ఎదురుపడింది. దండం పెడుతుందేమోనని సొన్నమ్మ వారించడానికి చెయ్యి కూడా ఎత్తింది.

"ఈడ ఉంటే ఇంగో గడియన్నా ఊపిరి ఆడ్తావుండె గదక్కా," అంది సుంకమ్మ. "నేనే గుంజకపోయి సంపినట్ల అయిపాయ. ఆ రేకుల షెడ్డు మా ఇల్లని నీకెవురు జెప్పినారు? మనిషి సచ్చిన షెడ్డని మర్నాడే మేస్త్రీ మా గిన్నెలు బోకులన్నీ రోడ్డు మీద ఏసినాడు."

సొన్నమ్మ ఎత్తిన చెయ్యి దించుకుంది. ఆ రోజు తన మనసులో అంబులెన్సెక్కించింది నర్సింహుల్ని కాదు, వెంకటగిరియప్పని. అది ఇప్పుడు తెలిసి ఆమెకు సిగ్గేసింది.

"నీ మొగుడైతే ఇట్లనే పంపుతుంటివా?"

"పంపలేదమ్మా," అంది సొన్నమ్మ.

ఆ మాట ఆమె ఇంకొకరితో అనడం అదే మొదలు. సుంకమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.