ఇంట్లో విన్నది

మూడు చొక్కాలు మడిచి సంచి అడుగున పెట్టింది. వాటి మీద తువ్వాలు, పక్కన గడ్డం గీసుకునే సామాను, తలనొప్పి మాత్రలు. ఇంట్లోంచి ఎవరు కదిలినా ఆవిడకు బెంగగా ఉండేది. అందుకే సర్దిన సంచిని విప్పి మళ్ళీ సర్దేది. వెళ్ళేవాళ్ళను నాలుగు నిమిషాలు ఆపడానికి ఆవిడకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

వెళ్తున్నది భర్త. వీధిలో అందరూ ఆయన్ను నిఘంటువు గారనేవాళ్ళు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసే పెద్ద పుస్తకంలో ఆయన వంతు 'ఎస్' అక్షరం. అందులో 'సీ' అనే మాట దగ్గర బండి బురదలో దిగబడి నాలుగేళ్ళయింది. సీ అంటే చూడడమని బడిపిల్లలు కూడా చెప్తారు. ఆయన మాత్రం నలభై ఆరు అర్థాలు తేల్చి, నలభై ఏడోదాని కోసం గాలిస్తున్నారు. విసిగిపోయిన అచ్చు కార్యాలయం వాళ్ళు, ఉన్నవి పట్టుకుని బుధవారమే రమ్మని కబురు పెట్టారు. శనివారం దాకా పని.

గురువారం ఆవిడను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తానని ఆయన మాటిచ్చి ఉన్నారు. కుడికంటికి పొర కమ్మేసింది. "ఇది అద్దాల పని కాదమ్మా, ఆపరేషన్ పడాల్సిందే. ఇంకా నానిస్తే ఆ కన్ను మీది కాదు" అని కళ్ళజోళ్ళ షాపతను చెప్పాడు. బడి గడప తొక్కకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. కళ్ళు పోతే ఇక మిగిలేదేమిటని దిగులు. ఆసుపత్రేమో చెల్లెలుండే ఊళ్ళో ఉంది. ఒంటరిగా ఆవిడ బస్టాండు దాటి ఎరగదు.

చీటీల పెట్టె సంచిలో పట్టలేదు. అదిమితే రబ్బరు బ్యాండు తెగి చీటీలన్నీ నేల మీద పరుచుకున్నాయి. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. జనం నిజంగా అన్న వాక్యం, విన్న చోటు, తేదీ దాని మీద రాయాలని నియమం. జనం కోసం వీధుల వెంట తిరిగే ఓపిక ఆయనకు లేదు. పెన్సిలు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడేవారు. తన మాటలు పుస్తకానికెక్కుతున్నాయని ఆవిడ లోలోపల మురిసిపోయేది కూడా.

ఒక చీటీ తీసి ఎడమకంటి దగ్గర పెట్టుకుంది. 'సీ రెడ్: కోపం రావడం. ఉదా: మీ వాలకం చూస్తే ఒళ్ళు మండుతోంది. ఇంట్లో విన్నది.' నవ్వొచ్చింది. ఆ రోజు పాలు పొంగిపోతుంటే ఆయన పక్కనే నిలబడి, పొంగడానికీ పొర్లడానికీ తేడా వివరించారు.

ఇంకోటి తీసింది. 'ఉదా: మా అమ్మ కడసారి చూపుకైనా నోచుకోలేదు. ఇంట్లో విన్నది.' అమ్మ పోయిన మూడోనాటి తేదీ. అంచున ఎర్ర పెన్సిలుతో 'చాలా మంచి వాక్యం.' ఆ రోజు తను ఏడుస్తుంటే ఆయన ఎదురుగా కూర్చుని తలూపుతూ ఉన్నారు. ఓదారుస్తున్నారనుకుంది.

మూడోది. 'సీ ఎ డాక్టర్: వైద్యుడి దగ్గరికి వెళ్ళడం. ఉదా: నా కుడికన్ను ఎవరికైనా చూపించాలండీ.' మూడేళ్ళ కిందటిది. నాలుగో చీటీ మీదా అదే తేదీ. 'వియ్ విల్ సీ: వాయిదా వేయడం. ఉదా: చూద్దాంలే.' విన్న చోటు దగ్గర 'స్వయంగా అన్నది' అని నిజాయితీగా రాసుకున్నారు.

ఆయన తల దువ్వుకుంటూ వచ్చారు.

"ఏమండీ, ఈ మూడోది మీ రాతే కదా."

చూడగానే మొహం విప్పారింది. "ఎంత సహజంగా ఉందోయ్. దీన్ని కొట్టేస్తామంటే ఊరుకునేది లేదు."

"వాక్యం సరే. కన్ను సంగతేమిటి?"

"ఏ కన్ను?"

"అందులో ఉన్నది."

"ఓ, అదా. మూడేళ్ళు ఆగింది, మూడు రోజులు ఆగదూ?"

"రేపేనండీ గురువారం."

"గురువారాలకేం కరువోయ్, వారానికొకటి వస్తూనే ఉంటుంది."

ఆవిడ చీటీలు వరసగా పేర్చింది. "ఇన్నాళ్ళూ నా మాట వింటున్నారనుకున్నాను. ఇప్పుడు కనపడింది నాకు."

"ఆగాగు." ఆయన జేబులు తడుముకున్నారు. "కనపడడమంటే గ్రహించడం. పదిహేడో అర్థం. దానికే సరైన ఉదాహరణ దొరక్క చస్తున్నాను. మళ్ళీ అను, మెల్లగా."

మెల్లగా అంది. ఆయన రాసుకున్నారు, తేదీ వేశారు, సంచి భుజాన వేసుకుని, చీటీల పెట్టె చంకన పెట్టుకుని ఎనిమిది గంటల బస్సుకు వెళ్ళిపోయారు.

ఆవిడ ఎదురింటి దర్జీ ఫోనులో చెల్లెలితో మాట్లాడింది.

"ఒక్కదానివే ఎలా వస్తావక్కా? బస్టాండులో తప్పిపోతావేమో."

"తప్పిపోతే వెతుకు. ఒంటికన్నుతో అందర్నీ కొరకొరా చూసే ముసల్ది ఎవరంటే చెప్తారు."

"మరి బావగారో?"

"నా మాట ఒకటి పట్టుకెళ్ళారు. అది చాలు ఆయనకు."

గురువారం కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక మందుసీసా మీది సన్న అక్షరాలు కూడా చదివింది. నిఘంటువు గారు శనివారం మధ్యాహ్నం తిరిగొచ్చి, దర్జీ దగ్గర తాళంచెవి తీసుకున్నారు. ఆవిడ ఆ బుధవారం ఉదయం తొమ్మిదిన్నర బస్సుకు వెళ్ళింది. మళ్ళీ తిరిగి రాలేదు.